మిథాలీ ఆడిన 23 ఏళ్లు, మేము చూసిన 5 ఏళ్లు

మిథాలీ రాజ్ ఆట మానేస్తున్న సంగతి 2022 జూన్ 8న, బుధవారం నాడు, ట్విట్టర్‌లో పెట్టిన ఒక ఉత్తరంతో లోకానికి తెలిసింది. స్టేడియం లేదు, చప్పట్లు లేవు, తోటి ఆటగాళ్లు భుజాల మీద ఎక్కించుకుని మైదానమంతా తిప్పడం లేదు. 16 ఏళ్ల వయసులో దేశం తరఫున బ్యాటు పట్టి, 39 ఏళ్ల దాకా ఆడిన మనిషి వెళ్లిపోవడం అంతే. ఆ సాయంత్రం మా వీధి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకామె మిథాలీ ఫొటో పెట్టింది. ఎర్రగుంట్లలో మా గ్రూపంటే కొళాయి నీళ్లు ఎప్పుడొదులుతారు, గ్యాస్ బండి వచ్చిపోయిందా అన్నవే. ఆ రోజు మాత్రం కింద వరసగా దండాలు, ఏడుపు బొమ్మలు. అన్నిటికన్నా నాకు గుర్తున్నది ఎదురింటి అమ్మాయి పెట్టిన మాట: "ఇప్పుడే గదక్కా మనం చూడబట్టింది, అప్పుడే పోతాందే!"

ఆ ఒక్క ముక్క నన్ను చాలా రోజులు వదల్లేదు. అభిమాన తార రిటైరైతే ఎవరికైనా బాధే. కానీ మా బాధ పెళ్లికి పోయి విస్తళ్లు ఎత్తేటప్పుడు చేరినవాళ్ల బాధ. ఇరవై మూడేళ్లు ఆమె ఆడింది. మాలో ఎక్కువమంది చూసింది చివరి ఐదేళ్లు. మరి మిగతా పద్దెనిమిదేళ్లు ఆమె ఎక్కడ ఆడుతోంది, మనం ఏం చేస్తున్నాం? ఆమె నాకన్నా కొన్ని నెలలే చిన్నది కాబట్టి ఈ లెక్క వేసుకోవడం నాకు సులువు. ఆమె ఏడూ, నా ఏడూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే సరిపోతుంది.

మిథాలీ వాళ్లది తమిళ కుటుంబం. 1982 డిసెంబరు 3న జోధ్‌పూర్‌లో పుట్టింది. తండ్రి దొరైరాజ్ వైమానిక దళంలో పనిచేసి, తర్వాత బ్యాంకులో చేరారు. పెరిగిందీ చదివిందీ సికింద్రాబాదులో కాబట్టి మనం నిస్సంకోచంగా మన పిల్ల అనేసుకున్నాం. ఆ పిల్లను క్రికెట్‌కు పంపడానికి కారణం తెలిస్తే ప్రతి తల్లికీ నవ్వొస్తుంది. పొద్దున నిద్ర లేవదని! అన్న మిథున్ సెయింట్ జాన్స్ అకాడమీకి ప్రాక్టీసుకు పోతుంటే, ఈమెనూ లేపి వెంట పంపితే కాస్త క్రమశిక్షణ వస్తుందని తండ్రి ఆలోచన. అక్కడ కోచ్ జ్యోతిప్రసాద్ ఆ పిల్ల బ్యాటు పట్టుకునే తీరు చూసి, ఈమెకు సరైన శిక్షణ ఇప్పించండని చెప్పారు. ఆ తర్వాత సంపత్ కుమార్ అనే కోచ్ చేతిలో పడింది. ఈ పిల్ల ఇండియాకు ఆడుతుందని ఇంట్లోవాళ్లకన్నా ముందు నమ్మిన మనిషి ఆయన. ఆమె భారత జట్టులో అడుగుపెట్టడం చూడకుండానే రోడ్డు ప్రమాదంలో పోయారు.

ఎనిమిదేళ్లు భరతనాట్యం కూడా నేర్చుకుంది. క్రికెట్టా, నాట్యమా అని ఒక దశలో తేల్చుకోవాల్సి వచ్చింది. నాట్యం మానేస్తానంటే ఇంట్లోవాళ్లు నొచ్చుకోవడం, ఆడపిల్ల ఎండలో మాడిపోతుందని పెద్దవాళ్లు దెప్పడం మనకు తెలియని సంగతులు కావు. తల్లి లీలారాజ్ ఇల్లూ పిల్లల్నీ చూసుకోవడానికి తన ఉద్యోగం మానుకున్నారని చదివాను. మిథాలీ గురించి రాసే వ్యాసాల్లో ఇది ఒక వాక్యంలో దాటిపోతుంది. నేను మాత్రం అక్కడ ఆగుతాను. పొద్దున్నే లేపింది ఎవరు, టిఫిను డబ్బా కట్టింది ఎవరు, మట్టి కొట్టుకుపోయిన తెల్ల బట్టలు ఉతికింది ఎవరు?

ఇక 1999. జూన్ 26న ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్ అనే ఊళ్లో ఐర్లండ్‌తో మిథాలీ మొదటి వన్డే ఆడింది. వయసు 16 ఏళ్ల 205 రోజులు. తొలి మ్యాచ్‌లోనే 114 నాటౌట్. ఆమెతో పాటు ఇన్నింగ్స్ మొదలుపెట్టిన రేష్మా గాంధీ కూడా అదే తొలి మ్యాచ్, ఆమె 104 నాటౌట్. యాభై ఓవర్లు అయిపోయినా ఒక్క వికెట్టూ పడలేదు. స్కోరు 258. అట్లాంటి ఆరంభం చేసిన రేష్మా ఆ తర్వాత ఇంకొక్క వన్డే మాత్రమే ఆడిందంటే నమ్ముతారా? ఎందుకు ఆగిపోయిందో ఎవరూ రాయలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ల క్రికెట్ అంత నిశ్శబ్దంగా నడిచేది. సెంచరీ కొట్టినా నిశ్శబ్దమే, కనపడకుండా పోయినా నిశ్శబ్దమే.

నేనప్పుడు ప్రొద్దుటూరులో ఇంటర్ రెండో ఏడు. ఆ నెలంతా పేపర్ల నిండా కార్గిల్ యుద్ధం. ఆటల పేజీలో అప్పుడే ముగిసిన మగవాళ్ల వరల్డ్ కప్. మా హాస్టల్లో ద్రవిడ్ ఫొటో కత్తిరించి పుస్తకంలో పెట్టుకున్నవాళ్లు అరడజను మంది ఉంటారు. మా ఈడు పిల్ల ఒకతె సికింద్రాబాదు నుంచి పోయి సెంచరీ కొట్టిందని చెప్పినవాళ్లు లేరు.

2002లో నాకు పెళ్లయింది, ఎర్రగుంట్ల కోడలినయ్యాను. నాపరాళ్ల దుమ్ము, సిమెంటు దుమ్ము, రైలు కూతలు. ఊరంటే నాకు ముందు అవే అలవాటయ్యాయి. ఆ జులై 13న లార్డ్స్‌లో నాట్‌వెస్ట్ ఫైనల్ జరిగింది. కైఫ్, యువరాజ్ గెలిపించడం, గంగూలీ చొక్కా విప్పి తిప్పడం ఇప్పటికీ మన ఇళ్లల్లో మగవాళ్లు నిన్న జరిగినట్టు చెప్తారు. సరిగ్గా ఆ మరుసటి నెల, అదే ఇంగ్లండ్‌లో, టాంటన్ మైదానంలో మిథాలీ టెస్ట్ మ్యాచ్‌లో 214 కొట్టింది. అప్పటికి ప్రపంచంలో ఏ మహిళా టెస్టుల్లో అంత స్కోరు చేయలేదు. వయసు 19. రెండేళ్ల లోపు పాకిస్తాన్ అమ్మాయి కిరణ్ బలూచ్ 242తో ఆ రికార్డు దాటేసింది. దాటేసిందని కూడా మనకు తెలీదు. రికార్డు ఉందని తెలిస్తే గదా దాటితే తెలిసేది!

2005 లెక్క ఇంకా విచిత్రం. ఏప్రిల్ 5న మన విశాఖపట్నంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు. ఆ జుట్టు, ఆ కొట్టుడు, మా మరిది వారం రోజులు వేరే మాట మాట్లాడలేదు. సరిగ్గా ఐదు రోజుల తర్వాత ఏప్రిల్ 10న దక్షిణాఫ్రికాలోని సెంచూరియన్‌లో మిథాలీ కెప్టెన్‌గా భారత్ మొట్టమొదటిసారి మహిళల వరల్డ్ కప్ ఫైనల్ ఆడింది. సెమీఫైనల్లో న్యూజీలండ్ మీద 91 నాటౌట్‌తో జట్టును ఫైనల్‌కు చేర్చిందీ ఆమే. ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 98 పరుగులతో ఓడిపోయారు. ఆ ఏప్రిల్లో నా ఒళ్లో మూడు నెలల పిల్ల. కరెంటు పోతే తడిగుడ్డ కట్టి ఊయల ఊపుతూ కూచునేదాన్ని. మరిదికి ధోనీ తెలుసు, నాకు మరిది ద్వారా ధోనీ తెలుసు. ఆ ఫైనల్ మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఆ వరల్డ్ కప్‌కు తమకు మ్యాచ్‌కు వెయ్యి రూపాయలు ముట్టాయని మిథాలీ తర్వాతెప్పుడో చెప్పింది. ఎనిమిది మ్యాచులకు ఎనిమిది వేలు. ఫైనల్ దాకా పోయిన కెప్టెన్‌కు! అప్పటికి మహిళల క్రికెట్‌ను నడిపేది వేరే సంఘం. డబ్బుల్లేని సంఘం. రిజర్వేషన్ లేని రైలు పెట్టెల్లో కిట్ల మీద కూచుని ప్రయాణాలు, డార్మిటరీల్లో నేల మీద పడకలు. ఆ తరం ఆటగాళ్లు దాదాపు అందరూ ఇవే చెప్తారు. కూడు పెట్టింది ఎవరంటే రైల్వే. ఆడపిల్లలకు క్రికెట్ కోటాలో ఉద్యోగాలిచ్చి, జట్టు కట్టి, దేశవాళీ టోర్నీల్లో ఏళ్ల తరబడి గెలుస్తూ వచ్చింది రైల్వేనే. మిథాలీదీ దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగమే. మా ఎర్రగుంట్ల స్టేషనూ అప్పట్లో ఆ రైల్వే కిందదే కాబట్టి, ఆమెను మా రైల్వే మనిషి అని కూడా అనుకోవచ్చు.

2006లో మహిళల క్రికెట్ బీసీసీఐ చేతికి వచ్చింది. వెంటనే పాలూ తేనే ప్రవహించలేదు. జీతం లాగా ఏటా ఇంత అని కాంట్రాక్టులు ఇవ్వడానికి ఇంకో తొమ్మిదేళ్లు, అంటే 2015 దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో మిథాలీ ఆడుతూనే ఉంది. 2003లో అర్జున, 2015లో పద్మశ్రీ వచ్చాయి. ఇవన్నీ టెలిగ్రాంలో చదివినట్టు ఎందుకు చెప్తున్నానంటే, ఆ ఏళ్ల గురించి నా దగ్గర ఉన్నవి స్కోరుకార్డులే. మా మండలంలోనే కలమల్ల ఉంది కదా, తెలుగులో దొరికిన తొలి శాసనం అక్కడిదే, క్రీ.శ. 575 నాటిదని చెప్తారు. ఆ రాయి మీద ఉన్న నాలుగు ముక్కలే ఆ కాలం గురించి మనకు మిగిలినవి. టీవీలో రాని ఆటలకు స్కోరుకార్డు కూడా అట్లాంటి రాయే. 91 నాటౌట్ అని ఉంటుంది. ఎండ ఎట్లా ఉంది, ఏ బంతికి గుండె ఆగింది, డ్రెస్సింగ్ రూములో ఎవరు ఏడ్చారు అనేది ఉండదు.

ఇక్కడ రిమోట్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆడవాళ్లు క్రికెట్ చూడరు అని తేలిగ్గా అనేస్తారు. మన ఇళ్లల్లో ఒకటే టీవీ. మ్యాచ్ ఉన్నరోజు రిమోట్ మామ చేతిలోంచి మొగుడి చేతికి, మొగుడి చేతిలోంచి కొడుకు చేతికి పోతుంది. మనకు మ్యాచ్ అంటే టీ ఎన్నిసార్లు పెట్టాలి, పకోడీకి ఎంత శెనగపిండి కలపాలి అన్నదే. అయినా వంటింటి గుమ్మంలో నిలబడి చూసి చూసి ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో మనకు తెలిసిపోయింది. ఆటను కాదు మనం చూడనిది, ఆడవాళ్ల ఆటను. అది టీవీలో వస్తే గదా!

వచ్చింది, 2017లో. ఇంగ్లండ్‌లో జరిగిన ఆ వరల్డ్ కప్ మన ఇళ్లల్లోకి నేరుగా వచ్చింది. మొదలుకాక ముందే మిథాలీ ఒక విలేకరికి ఇచ్చిన జవాబు ఫోన్లన్నిటిలో తిరిగింది. మగ క్రికెటర్లలో మీకెవరిష్టం అని అడిగితే, ఈ ప్రశ్న మగవాళ్లను ఎప్పుడైనా అడిగారా, మీకిష్టమైన మహిళా క్రికెటర్ ఎవరని అని ఎదురు అడిగింది. మా గ్రూపులో ఆమె పేరు మొదటిసారి కనపడింది అప్పుడే. తర్వాత, బ్యాటింగ్‌కు దిగే ముందు ప్యాడ్లు కట్టుకుని ప్రశాంతంగా పుస్తకం చదువుకుంటున్న ఫొటో. నలుగురి మధ్య కూచుని పుస్తకం చదువుకునే ఆడమనిషి! ఆ ఒక్క ఫొటోకే సగం మందిమి ఆమె పక్షం అయిపోయాం.

ఆ టోర్నీలో జులై 12న ఆస్ట్రేలియాతో ఆడుతూ వన్డేల్లో 6000 పరుగులు దాటిన మొదటి మహిళ అయింది. మూడు రోజులకు గెలిస్తేనే సెమీస్ అన్న మ్యాచ్‌లో న్యూజీలండ్ మీద 109. సెమీఫైనల్లో హర్మన్‌ప్రీత్ 171 నాటౌట్ సంగతి చెప్పక్కర్లేదు, అది అందరికీ తెలుసు. జులై 23, ఆదివారం, లార్డ్స్‌లో ఇంగ్లండ్‌తో ఫైనల్. 229 కొట్టాలి. మిథాలీ 17 దగ్గర రనౌట్ అయింది. 3 వికెట్లకు 191 దాకా పోయాక, ఇంక గెలిచినట్టే అని నేను పొయ్యి మీద కుక్కరు పెట్టి వచ్చాను. నాలుగు విజిళ్లయ్యేసరికి వరసగా వికెట్లు పోతున్నాయి. ష్రబ్‌సోల్ అనే అమ్మాయికి ఆరు వికెట్లు. 219కి ఆలౌట్, 9 పరుగులతో ఓటమి. మా అత్త ముందురోజు దాకా "ఆడపిల్లోళ్ల ఆట ఎవురు చూస్తారు మ్మే" అన్న మనిషి. ఆ రాత్రి అన్నం వద్దని పడుకుంది. ఆ టోర్నీలో అందరికన్నా ఎక్కువ పరుగులు ఇంగ్లండ్ అమ్మాయి బ్యూమాంట్‌వి, 410. మిథాలీవి 409.

2005లో ఫైనల్ ఓడి వచ్చినప్పుడు ఎవరికీ పట్టలేదు. 2017లో ఓడి వచ్చినా విమానాశ్రయంలో జనం, ఒక్కొక్కరికి బోర్డు యాభై లక్షలు. మధ్యలో మారింది ఆమె ఆట కాదు, మన టీవీ.

అభిమానులమయ్యాం కాబట్టి వాదనలూ మొదలయ్యాయి. మెల్లగా ఆడుతుందని ఒక పేరుంది ఆమెకు. మా ఆయన, మరిది ఇద్దరూ అదే పాట. దానికి మా వీధిలో ఒక పెద్దామె ఇచ్చిన జవాబు నాకు భలే నచ్చింది: "ఇంట్లో ఒగరెనక ఒగరు మంచం పట్టినప్పుడు నిలబడి చేసే దాన్ని బట్టుకోని, మెల్లగా చేస్తాండావంటే ఎట్ల?" వన్డేల వరకు నేనూ ఆమె మాటే అంటాను. 232 మ్యాచులు, 7805 పరుగులు, సగటు యాభై దాటి. ముందూ వెనకా వికెట్లు పడిపోతుంటే ఒక చివర పట్టుకుని నిలబడిన ఇన్నింగ్సులే అందులో సగం. టీ20ల్లో మాత్రం కాలం కొంచెం ముందుకు పోయింది, ఆ విమర్శలో నిజం లేకపోలేదు. అయితే టీ20ల్లో 2000 పరుగులు దాటిన మొదటి భారతీయ క్రికెటర్ ఎవరంటే కోహ్లీ కాదు, రోహిత్ కాదు, ఆమే. 2018లో.

అదే ఏడు నవంబరులో వెస్టిండీస్‌లో టీ20 వరల్డ్ కప్. పాకిస్తాన్ మీద, ఐర్లండ్ మీద వరసగా అర్ధసెంచరీలు చేసింది. ఇంగ్లండ్‌తో సెమీఫైనల్‌కు వచ్చేసరికి ఆమెను పక్కన కూచోబెట్టారు. భారత్ ఎనిమిది వికెట్లతో ఓడిపోయింది. ఆ తర్వాత ఉత్తరాలు, ఆరోపణలు, పేపర్లలో రచ్చ. ఎవరిది తప్పో నేను తేల్చే పని పెట్టుకోను. టీవీలో ఆమె బయట కూచుని ఉన్న ముఖం చూపించినప్పుడు మాత్రం, పండగ వంటంతా చేసి బంతిలో చోటు లేక పక్కన నిలబడ్డ పెద్ద కోడలు గుర్తొచ్చింది. 2019లో టీ20లు వదిలేసింది.

పెళ్లి మాట కూడా చెప్పుకోవాలి, మన బంధువులు ఆ ప్రశ్న వేయకుండా ఉండరు కాబట్టి. ఒక సంబంధం వాళ్లు పెళ్లయ్యాక క్రికెట్ మానేయాలన్నారని, ఆ మాటతో అది ఆగిపోయిందని ఆమే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. విన్నప్పుడు మా గ్రూపులో చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. మాలో టైలరింగ్ మానేసినవాళ్లున్నారు, బీఈడీ సీటు వదులుకున్నవాళ్లున్నారు, ఖోఖోలో జిల్లా జట్టుకు ఆడి ఇప్పుడు మోకాళ్ల నొప్పులకు నూనె రాసుకునే ఆమె ఒకతె ఉంది.

ఆమె చివరి మ్యాచ్ 2022 మార్చి 27, న్యూజీలండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో. మనకు ఆదివారం పొద్దున. ఎర్రగుంట్లలో ఆదివారం పొద్దున అంటే మటన్ కొట్టు దగ్గర వరస, ఇంట్లో మసాలా రుబ్బడం. దక్షిణాఫ్రికా మీద గెలిస్తేనే సెమీస్. మిథాలీ 68 కొట్టింది, జట్టు 274. చివరి ఓవర్లో క్యాచ్ పట్టారు, అయిపోయింది అనుకుంటే అది నోబాల్. ఆఖరి బంతికి దక్షిణాఫ్రికా గెలిచింది. అదే ఆమె చివరి ఆట అని ఆ రోజు మాకు ఎవరూ చెప్పలేదు. ఆమెకైనా తెలుసో లేదో. మొదటి వన్డే నుంచి చివరి వన్డేకు 22 ఏళ్ల 274 రోజులు. సచిన్ వన్డే జీవితం 22 ఏళ్ల 91 రోజులు.

సచిన్ రిటైరైన 2013 నవంబరు 16 ఎవరైనా మరిచిపోతారా? వాంఖడే నిండా జనం, ఆ ప్రసంగం, ఇళ్లల్లో మగవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. మన లక్ష్మణ్‌కు ఆ భాగ్యం లేదు. 2012 ఆగస్టు 18న హైదరాబాదులో విలేకర్లను పిలిచి చెప్పేశాడు. సొంత ఊళ్లో జరగబోయే టెస్టుకు జట్టులో పేరున్నా ఆడకుండానే ఆగిపోయాడు. మిథాలీతో పాటు రెండు దశాబ్దాలు బంతి వేసిన ఝులన్ గోస్వామికి మాత్రం, అదే 2022 సెప్టెంబరులో లార్డ్స్‌లో ఘనంగా వీడ్కోలు జరిగింది. టాస్‌కు ఆమెను వెంట తీసుకుపోయి హర్మన్‌ప్రీత్ కన్నీళ్లు పెట్టుకుంది. ఝులన్‌కు జరగాల్సిందే, ఇంకా ఎక్కువ జరిగినా తక్కువే. మిథాలీకి కూడా ఒక మ్యాచ్ పెట్టి ఉంటే ఏం పోయేదని మా వాళ్ల గొడవ.

మా ఊరు ఉద్యోగాల ఊరు. సిమెంటు ఫ్యాక్టరీలు, ఆర్టీపీపీ, రైల్వే. నెలకు ఒక రిటైర్మెంటు సభయినా ఉంటుంది. శాలువా, దండ, గోడ గడియారం, మైకులో మంచి మాటలు, చివర్లో భోజనాలు. భార్యను పిలిచి పక్క కుర్చీలో కూచోబెడతారు, రెండో దండ ఆమెకు. అట్లాంటి ఒక సభ నుంచి తిరిగొస్తూ ఆటోలో మా బంధువు ఒకామె అంది, "ఆయనకు ఈపొద్దుతో అయిపాయ. ఇంగ ముప్పూటలా ఇంట్లోనే. నాకు ఇయ్యాల్టి నుంచి డబుల్ డ్యూటీ." అందరం నవ్వాం. మిథాలీ రిటైరైనప్పుడు మా గ్రూపులో ఆడవాళ్లు అంత పట్టించుకోవడానికి ఇదీ ఒక కారణం అనుకుంటాను. ఒక ఆడమనిషి ఇన్నేళ్లు చేసిన పనికి పేరుంది, లెక్కుంది, ముగిసిన తేదీ కూడా ఉంది. ఆ తేదీ నాడు దండ వేయడానికి ఎవరూ రాకపోతే మనసుకు కష్టంగానే ఉంటుంది.

ఆమె వెళ్లిన ఆర్నెల్లలోపే, 2022 అక్టోబరులో, మ్యాచ్ ఫీజు మగవాళ్లకూ ఆడవాళ్లకూ సమానం అని బోర్డు ప్రకటించింది. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, టీ20కి 3. 2023 మార్చిలో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైంది. వెయ్యి రూపాయల మ్యాచులు ఆడిన మిథాలీ అందులో ఆడలేదు. గుజరాత్ జట్టుకు సలహాదారుగా డగౌట్‌లో కూచుంది. నాటింది ఒకరు, తిన్నది ఒకరు అని మా అత్త అంటే నేను ఒప్పుకోలేదు. చింతచెట్టు నాటేవాళ్లు ఎప్పుడూ తమకోసం నాటరు గదా.

ఆ చెట్టు నీడ తిరిగి తిరిగి మా గడప ముందుకే వచ్చింది. 2024 డిసెంబరు వేలంలో ఢిల్లీ జట్టు 55 లక్షలకు ఒక ఎడమచేతి స్పిన్నర్‌ను కొనుక్కుంది. పేరు శ్రీచరణి. మా పక్కనున్న వీరపునాయునిపల్లె మండలం అమ్మాయి, తండ్రి ఆర్టీపీపీ ఉద్యోగి. ఆ చిమ్నీల పొగ మా మిద్దె మీదికి ఎక్కితే కనపడుతుంది. చిన్నప్పుడు ఖోఖో, పరుగుపందేలు, బ్యాడ్మింటన్ అన్నీ ఆడి, చాలా ఆలస్యంగా క్రికెట్‌కు వచ్చింది. మొదట్లో నాన్న అంత సుముఖంగా లేరని, అమ్మ వెనక నిలబడిందని చెప్పుకుంది. 2025 జూన్ 28న ఇంగ్లండ్‌లో మొదటి టీ20 ఆడి 12 పరుగులకు 4 వికెట్లు తీసింది. మిథాలీ మొదటి మ్యాచ్ ఆడిన తేదీకి రెండు రోజుల తేడా, సంవత్సరాల తేడా 26. ఈసారి మా వీధంతా ఫోన్లలోనో టీవీలోనో చూస్తోంది.

అక్టోబరు 12న విశాఖలో ఆస్ట్రేలియాతో వరల్డ్ కప్ మ్యాచ్. ఆ రోజే స్టేడియంలో ఒక స్టాండ్‌కు మిథాలీ పేరు పెట్టారు. ఆంధ్ర నుంచి దేశానికి ఆడిన వికెట్ కీపర్ రావి కల్పన పేరునూ ఆమెతో పాటు గౌరవించారు. మిథాలీ స్టాండ్ ముందు మా కడప పిల్ల మూడు వికెట్లు తీసింది. మ్యాచ్ ఓడిపోయాం, అది వేరే సంగతి.

నవంబరు 2న నవీ ముంబైలో ఫైనల్. వాన వల్ల ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. శ్రీచరణి దక్షిణాఫ్రికా అమ్మాయి బాష్‌ను సున్నాకే ఎల్బీడబ్ల్యూ చేసినప్పుడు, మా అత్త మంచం మీద లేచి కూచుని "మన ఆర్టీపీపీ పిల్లేనా?" అని మూడుసార్లు అడిగింది. 52 పరుగులతో గెలిచాం. సంబరాలు సగంలో ఉండగా ఆటగాళ్లు ట్రోఫీ పట్టుకుని మైదానం పక్కన నిలబడ్డ మిథాలీ, ఝులన్, అంజుమ్ చోప్రాల దగ్గరికి పోయారు. తీసుకుపోయి వాళ్ల చేతుల్లో పెట్టారు. 2005లో అందలేదు, 2017లో అందలేదు. మిథాలీ దాన్ని రెండు చేతులా పైకెత్తింది.

మా గ్రూపులో ఆ ఫొటో వచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. ఎదురింటి అమ్మాయి మూడేళ్ల కిందటి తన మాట మరిచిపోయినట్టుంది. "చూడండక్కా, రిటైర్మెంటు సభ ఈపొద్దు జరిగింది" అని పెట్టింది. పొద్దున ఐదుకు కొళాయి నీళ్లు వస్తాయి, ఎవరూ మరిచిపోవద్దని దాని కిందే ఇంకొకామె రాసింది.